గోదావరి పాయల మీదుగా ఐదు రోజుల కారు ప్రయాణం: ఎలా సిద్ధం కావాలి?

గోదావరి డెల్టా చూడాలనుకున్నవారు సాధారణంగా ముందు చూడవలసిన ఊళ్ల పేర్లు రాసుకుంటారు, తరవాత వాటి మధ్య దూరాలు కూడుకుని రోజులకు పంచుతారు. మెట్ట ప్రాంతాల్లో ఈ పద్ధతి చక్కగానే పని చేస్తుంది. కాని ధవళేశ్వరం దిగువన నది గౌతమిగా, వశిష్ఠగా చీలి, వశిష్ఠ నుంచి వైనతేయ మళ్లీ విడిపోయి, మూడు పాయలూ వేరువేరు చోట్ల సముద్రంలో కలిసే ఈ నేల మీద కిలోమీటర్ల లెక్క తరచూ తప్పుతుంది. ఎదుటి ఒడ్డున కొబ్బరిచెట్ల మధ్య గుడి గోపురం కనబడుతూనే ఉంటుంది, అక్కడికి చేరడానికి మాత్రం గంట పడుతుంది. అందుచేత ప్రతి రోజుకూ మీరు కాగితం మీద మొదట రాసుకోవలసింది ఆ రోజు ఏ పాయను, ఎక్కడ, దేని మీద దాటబోతున్నారన్నదే. చూడవలసిన చోట్లు ఆ తరవాత వాటంతట అవే వరసలో కూర్చుంటాయి.

నేను చెప్పబోయే దారి రాజమహేంద్రవరంలో మొదలై, కాకినాడ, యానాం, అమలాపురం, అంతర్వేది, నరసాపురం, భీమవరం మీదుగా తిరిగి రాజమహేంద్రవరం చేరుతుంది. ఇందులో పాయలను ఐదుసార్లు దాటాలి: యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీద గౌతమిని, బోడసకుర్రు వంతెన మీద గాని పి.గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే కట్టడం) మీద గాని వైనతేయను, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను, మనుషులను దాటించే బల్లకట్టు) మీద వశిష్ఠను, తిరుగు దారిలో సిద్ధాంతం వంతెన మీద మళ్లీ వశిష్ఠను, చివరికి ధవళేశ్వరం బ్యారేజీ మీద గౌతమిని. ఈ ఐదింటిలో నాలుగింటికి వంతెనో అక్విడక్టో బ్యారేజీయో ఉంది కనుక బెంగ లేదు. పంటు ఒక్కటే నది దయ మీద ఆధారపడినది కాబట్టి, ప్రణాళిక అంతా ఆ ఒక్క దాటుడు చుట్టూ అల్లుకోవాలి.

ఏ నెలలో బయలుదేరాలి

నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు ఉన్న కాలం అన్నిటికన్నా అనువైనది. అంతకు ముందు అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపాను కొబ్బరితోటలను నేలమట్టం చేసిన సంగతి ఇక్కడ నడివయసువారెవరిని కదిలించినా చెబుతారు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడితే, గదులకు కట్టిన డబ్బు పోయినా సరే, ప్రయాణాన్ని వాయిదా వేయండి.

జూలై నుంచి సెప్టెంబరు వరకు వరదల కాలం. ఎర్రనీరు దిగాక సముద్రం నుంచి నదికి ఎదురీది వచ్చే పులస చేప కోసం ఆ రోజుల్లోనే రావాలని చాలామందికి కోరిక ఉంటుంది, అది న్యాయమైన కోరికే. అయితే అప్పుడు వచ్చేవారు ధవళేశ్వరం నీటిమట్టాన్ని రోజూ ఉదయం తెలుసుకోవాలి. బ్యారేజీ వద్ద మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగుల వద్ద రెండోది, 17.75 అడుగుల వద్ద మూడోది ప్రకటిస్తారు. వరద పెరుగుతున్నప్పుడు పంట్లు ఆపేస్తారు, లంకలకు పోయే కాజ్‌వేలు ఒకదాని తరవాత ఒకటి మునుగుతాయి. కాజ్‌వే మీద నీరు మోకాలి లోతు కూడా లేదు కదా అని కారు దింపకండి. నీటి అడుగున రోడ్డు అంచు ఎక్కడుందో కనబడదు, ప్రవాహం వడి పైకి తెలియదు. పులస కోసమే వస్తే రాజమహేంద్రవరంలోనో రావులపాలెంలోనో ఉండి తిని వెళ్లడం మంచిది, తీరం వరకు తిరిగే పని మరోసారికి అట్టే పెట్టుకోండి. సముద్రంలో పట్టిన ఇలసను పులస అని అమ్మడం మామూలే కనుక, తెలిసినవారిని వెంటబెట్టుకుని కొనడం అవసరం.

ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యాక కాలువలకు నీరు కట్టేసి మరమ్మతులు చేస్తారు. ఫొటోల్లో చూసిన నిండు కాలువలు, వాటిలో కొబ్బరి నీడలు అప్పుడు కనబడవు. ఎండ సంగతి చెప్పనక్కరలేదు.

మరో మూడు సందర్భాలను కూడా లెక్కలో పెట్టుకోవాలి. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల గది దొరకడం దాదాపు అసాధ్యం. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థం చూడాలన్న సంకల్పం ఉంటే, అమలాపురంలో నెలల ముందే బస ఏర్పాటు చేసుకుని, ఆ రోజు కారును దూరంగా వదిలి నడవడానికి సిద్ధపడండి. కార్తిక మాసంలో, ముఖ్యంగా సోమవారాల్లో, పంచారామాలనే ఐదు శివక్షేత్రాలు కిటకిటలాడతాయి. 2015లో వచ్చిన గోదావరి పుష్కరాలు 2027లో మళ్లీ వస్తాయి, ఆ పన్నెండు రోజులూ స్నానానికి వచ్చేవారికే వదిలేయడం ఉచితం.

బస, బండి, ఊళ్ల పేర్లు

ఐదు రోజుల ప్రయాణానికి నాలుగు రాత్రులు కావాలి: రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం. వీటిలో అమలాపురానికి బదులు దిండిలో గోదావరి ఒడ్డున ఉండాలనుకుంటే ఉండవచ్చు, అప్పుడు నాలుగో రోజు ఉదయం వెనక్కి వచ్చి చూడవలసినవి కొంత పెరుగుతాయి.

బండి పెద్దదైతే గొప్ప అనుకోకండి. ఏటిగట్ల మీద, కాలువ గట్ల మీద ఉన్న రోడ్లు చాలాచోట్ల రెండు కార్లు ఒరుసుకుంటూ పోయేంత వెడల్పే ఉంటాయి, చాలా దూరం పిట్టగోడ కూడా ఉండదు. అందుచేత ఈ ప్రయాణానికి నేను విధించే నియమం ఒకటుంది: చీకటి పడ్డాక కాలువ గట్టు మీద కారు నడపకూడదు. ఎదుటి బండి దీపాలు కళ్లలో పడిన క్షణంలో గట్టు అంచు కనబడదు, పక్కన ఉన్నది పది అడుగుల నీరు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంచు కూడా అంతే ప్రమాదం కనుక ఏడు దాటాకనే బయలుదేరండి. సార్వా (మొదటి పంట వరి) కోతల సమయంలో రైతులు ధాన్యాన్ని రోడ్డు మీద ఒక పక్కగా ఆరబోస్తారు. ఆ రాశుల మీదుగా చక్రం పోనివ్వడం ఒక కుటుంబపు ఆరుగాలం కష్టాన్ని తొక్కడమే. ఆగి, ఎదుటివారికి దారి ఇచ్చి, తరవాత పోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. చేపల, రొయ్యల వ్యానుల నుంచి కారిన నీళ్లతో భీమవరం వైపు రోడ్డు జారుతూ ఉంటుంది, ద్విచక్ర వాహనాలవారు మరీ జాగ్రత్త పడాలి.

ఫోనులోని మ్యాపును నమ్మే ముందు పేర్లు సరిచూసుకోండి. ఫ్రెంచివారి యానాం ఒకటి, ఉప్పలగుప్తం మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఎస్.యానాం మరొకటి. విమానాశ్రయం ఉన్న గన్నవరం విజయవాడ దగ్గరిది, అక్విడక్టు ఉన్న పి.గన్నవరం కోనసీమలోది. మ్యాపు కొన్నిసార్లు పంటు దాటే రేవును కూడా రోడ్డులాగే గీత గీసి చూపుతుంది. ఆ గీత నది మీదుగా పోతుంటే, అక్కడ వంతెన ఉందా లేదా అని ముందు రోజే బస చేసిన చోట అడగాలి.

మొదటి రెండు రోజులు: రాజమహేంద్రవరం నుంచి కాకినాడ

మొదటి రోజు మధ్యాహ్నానికి రాజమహేంద్రవరం చేరి, సాయంత్రం కోటిలింగాల రేవులో గడపండి. అక్కడి నుంచి నది మీది వంతెనలను వరసగా చూడవచ్చు: 1900లో రైళ్లు నడవడం మొదలై ఇప్పుడు విశ్రాంతిలో ఉన్న హేవలాక్ వంతెన, 1974 నాటి రైలు-రోడ్డు వంతెన, 1997లో వచ్చిన ఆర్చి వంతెన. చాలామంది ఆ సాయంత్రమే ధవళేశ్వరం పరుగెత్తి కాటన్ మ్యూజియం చూడాలనుకుంటారు. దాన్ని చివరి రోజుకు ఉంచమని నా సలహా, కారణం అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను.

రెండో రోజు ఉదయం కడియం నర్సరీలు. కడియపులంక చుట్టూ రోడ్డుకు ఇరువైపులా పూల మొక్కలు, పండ్ల మొక్కలు, కుండీలు పరచుకుని ఉంటాయి. ఆ రోజు చూసి, మొక్క పేరు, నర్సరీ పేరు రాసుకుని ఊరుకోండి. నాలుగు రోజులు కారులో వేడికి మాడిన మొక్కను ఇంటికి తీసుకుపోయి ప్రయోజనం లేదు. చివరి రోజు ధవళేశ్వరం చేరాక కడియం అక్కడికి దగ్గరే, అప్పుడు కొనవచ్చు. కడియం నుంచి మండపేట, తాపేశ్వరం, రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం చేరే దారి పచ్చని చేల మధ్యగా పోతుంది. తాపేశ్వరంలో మడతకాజా కొని రుచి చూడండి, కాకినాడ చేరాక అక్కడి గొట్టం కాజా తింటే రెండింటికీ ఉన్న తేడా మీకే తెలుస్తుంది.

ద్రాక్షారామంలోని భీమేశ్వరాలయానికి మధ్యాహ్నం తలుపులు మూయక ముందే చేరేలా చూసుకోవాలి. ఈ ప్రాంతంలోని గుళ్లన్నిటికీ ఇదే వర్తిస్తుంది: పన్నెండు దాటితే సాయంత్రం దాకా ఆగవలసి రావచ్చు. ఇక్కడ శివలింగం ఎంత ఎత్తంటే గర్భాలయం రెండు అంతస్తులుగా ఉంటుంది, కింద పాదభాగాన్ని, పైకెక్కి శిరోభాగాన్ని దర్శించుకోవాలి. సామర్లకోట కుమారారామంలోనూ ఇలాంటి కట్టడమే ఉంది. పంచారామాల మీద ఆసక్తి ఉన్నవారు కాకినాడ చేరే ముందు దాన్ని కూడా చూడవచ్చు, పాలకొల్లు, భీమవరం నాలుగో రోజు దారిలోనే తగులుతాయి.

మూడో రోజు: మడ అడవి, యానాం, కోనసీమ

ఈ రోజును సముద్రపు పోటు, పాటు నిర్ణయించాలి. కాకినాడకు దక్షిణాన ఉన్న కోరింగ అభయారణ్యంలో చెక్కబాట మీద ఎప్పుడైనా నడవవచ్చు. కాని పడవ ఎక్కాలంటే కాలువలో నీరుండాలి, నీరు పోటు మీద వస్తుంది, పాటు మీద పోతుంది. పోటు సమయం ప్రతి రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక, నిన్న ఎవరో పొద్దున్నే తిరిగివచ్చారన్న మాట ఈ రోజుకు పనికిరాదు. ముందు రోజు సాయంత్రమే కనుక్కోండి. పాటు సమయంలో వెళ్లినా నష్టం లేదు, అప్పుడే మడచెట్ల వేళ్లు బయటపడి, నల్లటి బురదలోంచి సూదుల్లా పైకి లేచిన శ్వాసవేళ్లు, వాటి మధ్య పాకే పీతలు కనబడతాయి. పిల్లలుంటే నేనైతే పాటు సమయాన్నే ఎంచుకుంటాను.

కోరింగ నుంచి యానాం దగ్గరే. 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి పాలనలో ఉన్న ఈ ఊళ్లో గౌతమి ఒడ్డున గంటసేపు నడిచి, భోజనం చేసి కదలవచ్చు. పెట్రోలు ధర ఆంధ్రప్రదేశ్‌లో కన్నా తక్కువ కనుక ట్యాంకు ఇక్కడే నింపుకోండి. మద్యం విషయం అలా కాదు, చౌకగా ఉందని కొని కారులో పెట్టుకుని ఎల్ల దాటితే కేసు పెడతారు. బాలయోగి పేరు పెట్టిన ఎదుర్లంక వంతెన దాటగానే కోనసీమలో అడుగుపెట్టినట్టే. మురమళ్ల, ముమ్మిడివరం మీదుగా చీకటి పడక ముందే అమలాపురం చేరండి.

నాలుగో రోజు: అన్నిటికన్నా జాగ్రత్తగా వేసుకోవలసింది

ఉదయం అంబాజీపేటలో ఆగి పొట్టిక్కలు తినండి. పనసాకులను పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆకు వాసన పిండికి పడుతుంది. ఊళ్లోని కొబ్బరి మార్కెట్టును కాసేపు చూసి, పి.గన్నవరం అక్విడక్టు దగ్గరికి వెళ్లండి. కింద వైనతేయ పారుతుంటే పైన కాలువ పారుతుంది. కొత్త అక్విడక్టుకు లంకల గన్నవరంలో జీవితమంతా వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. పక్కనే పాతది కూడా నిలబడి ఉంది. తొందరలో ఉన్నవారు బోడసకుర్రు వంతెన మీదుగా నేరుగా రాజోలు పోవచ్చు గాని, నేనైతే ఈ చుట్టు మానుకోను.

రాజోలు నుంచి మలికిపురం మీదుగా అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక లైటుహౌసు, ఆ తరవాత వశిష్ఠ సముద్రంలో కలిసే చోట అన్నాచెల్లెళ్ల గట్టు చూడండి. నది నీరు, సముద్రపు నీరు రెండు రంగులుగా పక్కపక్కనే కదులుతుంటాయి. సంగమంలో దిగకండి. పైకి నిదానంగా కనబడే ఆ నీటి అడుగున లాగుడు ఉంటుంది. కారును ఇసుకలోకి తీసుకుపోకుండా గట్టి నేల మీదే వదలండి.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటును నేనూ చేశాను. సూర్యాస్తమయం చూసి వెళ్దామని ఆగి, సఖినేటిపల్లి రేవుకు చేరేసరికి పంటు తిరగడం ఆగిపోయింది. అవతల నరసాపురం దీపాలు కనబడుతూనే ఉన్నాయి, వెనక సీట్లో మా అమ్మగారు మందులు వేసుకోవలసిన సమయం దాటుతోంది. రేవులో టీ కొట్టాయన, "దిండి మీదుగా పొండి బాబూ, చించినాడ వంతెనుంది, ఎంతసేపండి, గంటన్నరలో అవతలుంటారు" అని దారి చెప్పారు. చెప్పినట్టే చేరాం, కాని వద్దనుకున్న చీకటి ప్రయాణం తప్పలేదు. అందుచేత అంతర్వేదిని మధ్యాహ్నం మూడింటికల్లా వదలాలని కాగితం మీద రాసుకోండి. చించినాడ వంతెన పేరును ఆ పక్కనే రాసుకోండి. గాలి ఎక్కువగా ఉన్నా, వరద ఉన్నా, పంటు మరమ్మతులో ఉన్నా అదే మీ దారి.

పంటు ఎక్కడం కష్టం కాదు గాని, పద్ధతి ఉంది. రెండు పడవలను కలిపి పైన బల్లలు పరిచినట్టుండే ఈ పంటు మీదికి కార్లు, మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, స్కూలు పిల్లలు అందరూ ఎక్కుతారు. కారు ఎక్కించే ముందు నడిపేవారు తప్ప తక్కినవారంతా దిగిపోవాలి. పాటు మీద నీరు తగ్గినప్పుడు రేవు వాలు ఎక్కువవుతుంది, కాబట్టి మొదటి గేరులో, క్లచ్చి మీద కాలు పెట్టి ఊగిసలాడకుండా ఒకే ఊపున ఎక్కించాలి, పంటు మనిషి చెయ్యి ఎటు చూపితే అటే తిప్పాలి. ఎక్కాక ఇంజను ఆపి, బండిని గేరులో ఉంచి, చేతిబ్రేకు వేయండి. ఆయన చక్రం కింద చెక్క పెడతాడు. నది దాటేంతసేపూ కారులో కూర్చోకుండా బయట నిలబడండి. పది రూపాయల నోట్లు, చిల్లర దగ్గర ఉంచుకుంటే రేవులో అందరికీ పని సులువవుతుంది.

నరసాపురంలో అల్లిక లేసు చూడదలిస్తే అరగంట కేటాయించండి. పాలకొల్లులో క్షీరారామ గోపురం సాయంత్రపు ఎండలో బాగుంటుంది. అక్కడి నుంచి భీమవరం, గునుపూడి సోమారామం, రాత్రి బస.

ఐదో రోజు: ఆత్రేయపురం, బ్యారేజీ

ఈ రోజు శనివారం కాకుండా చూసుకోండి. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు ఉన్నవారు వేల సంఖ్యలో వస్తారు, రావులపాలెం నుంచి ఆత్రేయపురం పోయే రోడ్డు ఆ రోజు స్తంభించిపోతుంది. మిగతా రోజుల్లో తణుకు, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా వచ్చి లొల్ల లాకుల దగ్గర చెట్ల నీడలో కాసేపు ఆగవచ్చు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనే ముందు రేకు తీయడం చూడండి, అడిగితే చాలా ఇళ్లలో చూడనిస్తారు. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట. బియ్యాన్ని నానబెట్టి రుబ్బిన పలుచని పాలలో గుడ్డను ముంచి, రేకు తీసే ఆమె కుండ మీద ఒక్కసారి పరుస్తుంది, తీస్తుంది. ఆ తీసిన క్షణంలోనే కుండ మీద పొగమంచు లాంటి పొర బిగుసుకుంటుంది, దాన్ని అంచు పట్టి లేపి పక్కన పేరుస్తుంది. మంట కాస్త ఎక్కువైతే పొర మాడుతుంది, తగ్గితే ఊడిరాదు, అందుకే ఆమె మాట్లాడుతున్నా చూపు మంట మీదే ఉంటుంది. ఎవరి ఇంట్లో చూశారో వారి దగ్గరే కొనడం మర్యాద. బెల్లం రకమా, పంచదార రకమా అన్నది ఇష్టం, నేతిది మాత్రం ఆ పూట చుట్టించుకోండి. పెట్టెను డిక్కీలో సామాను కింద పెడితే ఇంటికి పొడి చేరుతుంది, ఒళ్లో పెట్టుకుని రావాలి.

ఆత్రేయపురం నుంచి బొబ్బర్లంక. కోనసీమకు నీరిచ్చే మధ్య డెల్టా కాలువ ఇక్కడే మొదలవుతుంది. బ్యారేజీ మీద బండి ఆపకుండా దాటి, ధవళేశ్వరం వైపు దిగాక కాటన్ మ్యూజియంకు వెళ్లండి. కాటన్ కట్టించిన ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని, ఏ కాలువ ఎటు పోతుందని అక్కడి నమూనాల్లో చూపుతారు. మొదటి రోజు చూస్తే అవి గీతల్లాగే ఉంటాయి. ఇప్పుడైతే కడియం దగ్గర మీరు చూసిన కాలువను, గన్నవరంలో నది మీదుగా నడిచిన నీటిని, లొల్ల లాకులను ఆ గీతల్లో వేలుపెట్టి చూపగలరు, పిల్లలు చూపి తీరతారు. తరవాత కడియం వెళ్లి మొదట రాసుకున్న మొక్కలు కొనుక్కుని, ఇంటికి చేరిన మర్నాడు కారు అడుగుభాగాన్ని మంచినీటితో కడిగించండి. అంతర్వేది ఉప్పుగాలి ఇనుమును తినడం మొదలుపెట్టడానికి వారం కూడా అక్కరలేదు.